దొంతిగుట్ట వారసత్వానికి పెట్టిన అర్హతల రద్దు

మహబూబాబాద్ జిల్లా నర్సింహులపేట కాపురస్తుడు, కీర్తిశేషులు వంగాల రాజయ్య పెద్ద కొడుకు, పదవీ విరమణ చేసిన జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, డెబ్బై ఒక్క ఏళ్ల వంగాల కనకయ్య అనే నేను, నా బుద్ధి నా అధీనంలో ఉండగా, ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా రాయిస్తున్న వీలునామా ఇది. బతిమాలలేదన్న మాట పూర్తిగా నిజం కాదు. నా తమ్ముడు రామ్మోహన్ బతిమాలాడు. కానీ అతను బతిమాలింది ఈ వీలునామా రాయవద్దని కాబట్టి ఆ మాట అలాగే ఉంచుతున్నాను.

నాకు మతి చలించిందని అదే తమ్ముడు ఊళ్లో చెబుతున్నందున మహబూబాబాద్ దవాఖానలో చూపించుకున్నాను. డాక్టరు నన్ను తేదీ అడిగాడు, వారం అడిగాడు, కూడికలు అడిగాడు. అన్నీ సరిగ్గా చెప్పాను. తర్వాత ఆయన గదిలో పెట్టుకున్న ప్లాస్టిక్ పూల గురించి నేను కొంతసేపు మాట్లాడాను. అయినా నా మనసు నిమ్మళంగానే ఉందని రాసిచ్చాడు. ఆ కాగితం దీనికి జతపరిచాను. వచ్చే వారం వరంగల్‌లో నాకు గుండె ఆపరేషన్ ఉంది. తొందర అందుకే తప్ప వేరే కారణం లేదు.

1. ఇంతకుముందు నేను రాసి రిజిస్టరు చేయించిన వీలునామాను పూర్తిగా రద్దు చేస్తున్నాను. ఎందుకు రద్దు చేస్తున్నానో చెప్పాల్సిన పని చట్టప్రకారం లేదట. అయినా చెబుతాను.

నా పేరున దొంతిగుట్ట ఉంది. మా నాయిన పోయాక పంపకాల్లో రామ్మోహన్ చెరువు కింది పొలమంతా తీసుకొని, బండలు తప్ప ఏమీ లేవని గుట్టను నాకు వదిలేశాడు. నేను గొడవ పెట్టుకోలేదు. ఆ తర్వాత గ్రానైటుకు ధర వచ్చింది. అప్పటి నుంచి గుట్ట మీద అతనికి ప్రేమ పుట్టింది. మా ఊరివాళ్లు దసరా నాడు పాలపిట్టను చూడటానికి ఆ గుట్టకే పోతారు. నేను బతికుండగా దాన్ని పేల్చనివ్వను. సమస్య నేను పోయాక ఏమవుతుందన్నదే.

చెట్టు గురించి, నీళ్ల గురించి పదిమందికి చెప్పేవాడు ముందు తాను చేసి చూపించాలని నా నమ్మకం. నేను చేసి చూపించాను. ఉద్యోగమంతా సైకిల్ మీదే చేశాను. ఇంట్లోకి ఫ్రిజ్ రానివ్వలేదు, ప్లాస్టిక్ కవరు రానివ్వలేదు. అందుకే పాత వీలునామాలో గుట్టకు వారసుడయ్యే వ్యక్తికి అర్హతలు పెట్టాను. సొంత మోటారు బండి లేనివారు, ఇంట్లో ఏసీ, ఫ్రిజ్ లేనివారు, ప్లాస్టిక్ కవరు ముట్టనివారు ఇల్లు దక్కే నా భార్య కాక మా కుటుంబంలో ఎవరుంటే వారికే గుట్ట చెందాలని రాయించాను. రాయించిన రోజు నాకు చాలా తృప్తిగా అనిపించింది.

దస్తావేజు లేఖరి ఈ సంగతి ఎక్కడో చాయ్ తాగుతూ చెప్పాడు. మరునాడు పొద్దున్నే రామ్మోహన్ మా ఇంటికొచ్చాడు. "అన్నా, నువ్వు రాసినట్టు బతికేటోడు మనింట్ల నేనొక్కన్నే గదనే. రేపు నీకేమన్నయితే గుట్ట నాకే గద. జర ఆ కాయితం పైలంగ పెట్టు" అన్నాడు. వస్తే ఏం చేస్తావని అడిగాను. "ఇంకేం జేస్త, గ్రానైటోళ్లకిస్త" అన్నాడు.

అతను చెప్పింది నిజం. నా తమ్ముడికి బండి లేదు, పెట్రోలు పోయించాల్సి వస్తుందని. బస్సు టికెట్ దండగని తొర్రూరుకు నడిచిపోతాడు. కిరాణా దుకాణంలో కవరుకు రూపాయి అడుగుతారని తువ్వాలలో మూట కట్టుకొస్తాడు. వాళ్లింట్లో ఫ్యాను కూడా చుట్టాలొస్తేనే తిరుగుతుంది, చుట్టాలు ఆ ఇంటికి పోవడం మానేశారు. చెత్తబుట్ట లేదు, ఎందుకంటే ఏదీ పారేయరు. నేను బడిపిల్లలకు పాతికేళ్లు చెప్పిన ప్రతి సూత్రాన్నీ, చెట్లంటే ఏమాత్రం గిట్టని నా తమ్ముడు నాకంటే నిష్ఠగా పాటిస్తున్నాడు. అలాంటి పుణ్యాత్ముడి చేతికి గుట్ట పోతే నెల తిరగకుండా కంకర అవుతుంది. కాబట్టి ఆ అర్హతలన్నీ ఇందుమూలంగా రద్దు.

2. నా భార్య సత్తెమ్మకు మేము ఉంటున్న ఇల్లు, అందులోని సమస్త సామాను. ఇవి కాక, నా దహనం అయిన మరునాడే, దినాల దాకా ఆగకుండా, నా బ్యాంకు సొమ్ములోంచి ఆమె కోరిన సైజు ఫ్రిజ్ కొనివ్వాలి. రంగు కూడా ఆమె ఇష్టమే.

మా పక్కింటి బాలనర్సమ్మ ఫ్రిజ్‌లో సత్తెమ్మ ఏళ్లుగా పెరుగు, దోసెల పిండి దాచుకుంటోందని నాకు తెలుసు. ఎండాకాలంలో మా ఇంట్లో పెరుగు పులవకపోవడం చూసి, జీవశాస్త్రం చదువుకున్న నాకు అనుమానం రాకుండా ఎలా ఉంటుంది. అడగలేదు. ఒకసారి మాత్రం ఆమే అన్నది, "గుట్ట సల్లగుండాలంటరు. మరి నా పెరుగు సంగతేంది" అని. జవాబు ఆలోచించి చెబుతానన్నాను. ఇదే జవాబు. ఆ ఫ్రిజ్ చూసి కనకయ్య సారు ఇంట్లో ఫ్రిజ్ ఏంటని ఎవరైనా నవ్వితే, వాళ్లకు చల్లటి నీళ్లు ఇచ్చి పంపించాలి.

బాలనర్సమ్మకు కూడా ఏదైనా రాయాలనుకున్నాను. ఆమె దీనికి సాక్షి కాబట్టి రాయకూడదట. ఆమె ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ అవుతుంది, అంతవరకే.

3. నా కొడుకు అరుణ్‌కు నా చేత్తో రాసుకున్న గుడ్డ బ్యానర్లన్నీ. అరుణ్‌కు తొర్రూరులో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉంది. ఫ్లెక్సీలకు వ్యతిరేకంగా నేను తొర్రూరు బస్టాండ్‌లో ధర్నా చేసినప్పుడు నా వెనకాల కనిపించే దుకాణం అదే. ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చి, "బాపు, జనం బట్ట మీద రాపిచ్చుకుంటె రాపిచ్చుకోని, నేనొద్దన్ననా. మరి నా పిల్లలకు నేనేం పెట్టాలె" అని మెల్లగా అడిగాడు. కోపంగా అడిగి ఉంటే నా దగ్గర జవాబు ఉండేది.

పక్క గుట్ట మీద క్వారీ వాళ్లకు వ్యతిరేకంగా మేము టెంటు వేస్తే, పెద్ద పెద్ద అక్షరాలతో ఫ్లెక్సీ కొట్టి పైసా తీసుకోకుండా ఎండ తగిలే వైపు కట్టిపోయింది వాడే. దాని నీడలో అందరూ కూర్చున్నారు. నేను సిద్ధాంతం ప్రకారం పక్కకు జరిగి ఎండలో కూర్చున్నాను. వడదెబ్బ తగిలి రెండో రోజు నుంచి టెంటుకు పోలేకపోయాను. టెంటు నేను లేకుండానే సాగింది.

నేను పోయాక నా ఫోటోతో ఫ్లెక్సీ వేయకూడదు. రామ్మోహన్ వచ్చి అన్నకు అశ్రునివాళి అంటూ ఒకటి కొట్టమని అడుగుతాడు. అరుణ్ అతని దగ్గర ముందే డబ్బులు తీసుకోవాలి. అప్పుడు అతనే మానుకుంటాడు.

4. తమ్ముడు రామ్మోహన్‌కు నా సైకిల్, పంపుతో సహా. జిల్లా స్థాయిలో నాకు ఇచ్చిన పర్యావరణ మిత్ర శాలువా, జ్ఞాపిక కూడా అతనికే. న్యాయంగా చూస్తే అవి అతనికే రావాల్సినవి. శాలువా కప్పుకుంటాడు, జ్ఞాపిక అమ్ముతాడు. గుట్ట మీద అతనికి ఎలాంటి హక్కూ లేదు, పాత వీలునామా చూపించి ఏ కోర్టులోనూ ఉందని అనడానికి వీల్లేదు.

5. ఇక నా కూతురు మమత. జనగామ కోర్టులో వకీలు. కారు ఉంది, అందులో ఏసీ ఉంది, ఇంట్లో వంటగట్టు నల్ల గ్రానైటుది. ఇవన్నీ ఆమెతో నేను చాలాసార్లు మాట్లాడాను. మాట్లాడటమంటే నేను మాట్లాడేవాణ్ని.

పక్క గుట్టను పేల్చడం మొదలైన ఏడాది దసరాకు పాలపిట్ట ఒక్కటీ కనిపించలేదు. క్వారీ వాళ్లు ఎక్కణ్నుంచో పంజరంలో ఒక పిట్టను తెప్పించి బడి దగ్గర పెట్టించారు. ఊరంతా వరసకట్టి చూసి దండం పెట్టుకొని పోతోంది. నేను అరుగు ఎక్కి, వన్యప్రాణి చట్టం ప్రకారం ఇది ఎంత నేరమో వివరించడం మొదలుపెట్టాను. మమత పండగకు వచ్చి ఉంది. ఒక చేతిలో ప్లాస్టిక్ నీళ్ల బాటిల్, ఇంకో చేతిలో కారు తాళాలు. వరసను దాటుకొని పోయి పంజరం తలుపు తీసింది. పిట్ట దొంతిగుట్ట మీదికి పోయి వాలింది. ఇంకా చూడనివాళ్లు ఆమెను తిట్టుకుంటూ గుట్ట దాకా నడిచిపోయారు. నా ఉపన్యాసం అప్పటికి చట్టంలోని శిక్షల దాకా వచ్చింది.

క్వారీని మా గుట్ట హద్దుదాకా పెంచడానికి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టినప్పుడు కూడా ఆమే వాదించింది. క్వారీ తరఫు మనిషి లేచి, "మేడమ్, మీ ఇంట్ల వంటగట్టు దేంతోని కట్టిచ్చిన్రు" అని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపే అందరూ నా వైపు చూశారు. అడిగినప్పుడు అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. గ్రానైటే, నల్లది అన్నాను. సభంతా నవ్వింది.

నవ్వు ఆగేదాకా మమత నిలబడింది. "అవును, గ్రానైటే. వచ్చింది కార్ల. కార్ల ఏసీ గూడ ఉన్నది. నా సంగతి అయిపోయింది గద, ఇగ గుట్ట సంగతి మాట్లాడుదాం. మీ పేలుళ్లకు బడిగోడ పగిలింది. దానికి నా వంటగట్టు ఏం జేసింది" అన్నది. ఎవరూ నవ్వలేదు. తర్వాత కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చి ఆ పేలుళ్లు ఆపించింది. నేను పాతికేళ్లు సైకిల్ మీద తిరిగి ఆపించగలిగింది మా ఊరి హోటల్లో పేపరు గ్లాసులను, అదీ నేను అక్కడ కూర్చున్నంతసేపు.

ఆ సభ తర్వాత మమత మా ఇంటి గడప తొక్కలేదు. తల్లికి ఫోన్ చేస్తుంది. నేను పక్కనుంటే ఫోన్‌లో ఆమె గొంతు వినిపిస్తుంది, అది వినడానికే పక్కన కూర్చుంటాను. దొంతిగుట్టను సర్వహక్కులతో మమతకు రాస్తున్నాను. ఆమె ఎలా బతకాలన్న షరతు ఏదీ లేదు.

6. ఈ వీలునామాను అమలు జరపాల్సింది నా బావమరిది శ్యాం. భూపాలపల్లిలో జీవితమంతా బొగ్గుగనిలో పనిచేసిన మనిషి. వాళ్లింటికి పోయి బొగ్గు ఎంత చెడ్డదో నేను చెబుతుంటే అంతా విని, "బావా, లైటు బంజేయాల్నా" అని అడిగి చాయ్ పోసేవాడు. లైటు ఆర్పమని నేను ఎప్పుడూ అనలేదు. నాకు చీకట్లో మాట్లాడటం రాదు.

7. ఈ క్లాజు టైపు చేసింది కాదు. తొర్రూరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చే దారిలో నా చేత్తో రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నది రోడ్డు వల్ల, చేతి వణుకు వల్ల కాదు.

ఎండకు సైకిల్ తొక్కవద్దని డాక్టరు చెప్పినందున సత్తెమ్మ నాకు చెప్పకుండా మమతకు ఫోన్ చేసింది. మమత కారేసుకొని వచ్చింది. నేను ఎక్కాను. సాక్షులు వెనక సీట్లో కూర్చున్నారు. దారిలో కారు ఆపి, టైపు చేసిన కాగితాలు ఇమ్మని అయిదో క్లాజు చదివింది. నేను కిటికీలోంచి బయటకు చూస్తున్నాను. సంతోషిస్తుందనుకున్నాను.

"కొట్టెయ్ బాపు" అన్నది. "నా పేరు మీద పెట్టకు. నాకు లోన్లున్నయి, పిల్లల ఫీజులున్నయి. రేపు కష్టమొస్తె నేనే అమ్ముకుంటనేమో, నాకే తెల్వది. పూరా హక్కిచ్చి అమ్మొద్దని షరతు పెడితె ఆ షరతు కోర్టుల నిలవది. ట్రస్టు పెట్టు. అమ్మే హక్కు, లీజుకిచ్చే హక్కు ఎవ్వరికుండొద్దు, నాక్కూడ. కాపలా అయితె నేనుంట."

ఇన్నేళ్లూ నేను నా బిడ్డ కారును, వంటగట్టును చూశాను, బిడ్డను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. సాక్షులు చూశారు కాబట్టి దాచడంలో అర్థం లేదు.

అందువల్ల అయిదో క్లాజులోని చివరి రెండు వాక్యాలు కొట్టివేసి, పక్కన సంతకం చేశాను. దొంతిగుట్ట ట్రస్టుకు చెందుతుంది. దాన్ని అమ్మడానికి, లీజుకివ్వడానికి, పేల్చడానికి ఎవరికీ హక్కు లేదు. మొదటి ట్రస్టీ మమత. ఆమెకూ ఆ హక్కు లేదు. ఈ వాక్యం కింద ఆమె తన సంతకం పెట్టింది. ఆ సంతకం చట్టానికి అవసరం లేదని ఆమే చెప్పింది, చెబుతూనే పెట్టింది. నేను ఆమె తర్వాత పెడుతున్నాను.

(సంతకం) వంగాల మమత, మొదటి ట్రస్టీ

తేదీ: 19 మే 2025
స్థలం: తొర్రూరు

(సంతకం) వంగాల కనకయ్య, వీలునామా కర్త

వీలునామా కర్త మా కళ్లముందు సంతకం చేయగా, ఆయన కళ్లముందు మేము చేసిన సాక్షి సంతకాలు:

1. ధరావత్ మంగీలాల్, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, గంగారం
2. ఎడ్ల బాలనర్సమ్మ, నర్సింహులపేట