నిమ్మకాయ నీళ్లు

ఏప్రిల్ 7, సోమవారం

పత్తి మార్కెట్ వెనక గుడిసెలు తీసేసినారు. పొద్దున జేసీబీ వచ్చింది. మధ్యాహ్నానికి ఆ జాగాలో కొత్త కాలువ తవ్వేదానికి ముగ్గుతో గీతలు గీసేసినారు. నన్నూ రమ్మన్నారు. నిరాశ్రయుల షెల్టర్ చూసేది నేనే కదా, ఆడోళ్లు ఏడిస్తే సర్దిచెప్పాలంట. ఎవరూ ఏడవలేదు. తపేలాలు, బొంతలు, తడికలు రోడ్డు పక్కకు మోసుకున్నారు. నేనూ ఒక బిందె మోసినాను.

ఇంటికొచ్చి అన్నం తిన్నాను. రుచిగానే ఉండింది.

ఏప్రిల్ 9

మా మున్సిపల్ ఆఫీసు ఎదురుగా టెంట్ వేసినారు. రిలే నిరాహార దీక్ష. రోజుకు కొందరు బంతిపూల దండలేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుంటారు. నీళ్లు తప్ప ఏమీ ముట్టరు. మరుసటి రోజు ఇంకొందరు. టౌన్లోనే ఇంటికి సెంటున్నర జాగా కావాలంట. నడిపించేది రూత్. జిన్నింగ్ మిల్లు కూలి. గట్టి గొంతు.

ఏప్రిల్ 11

కమిషనర్ సార్ పిలిపించి, షెల్టర్లో బెడ్లు ఖాళీగా ఉన్నాయి కదమ్మా, వాళ్లను ఆడికి తీసుకుపోండి, మీ మాటైతే వింటారు అన్నాడు. పోయినాను. ఫ్యాన్లున్నాయి, బాత్రూములున్నాయి అని చెప్పినాను.

తిప్పమ్మ అనే ముసలామె అంతా వినింది. పెళ్లయిన కొత్తలో కోసిగి దిక్కు నుంచి కూలికొచ్చి ఈడనే ఉండిపోయినామె. మొగుడూ పెండ్లామూ ఒక్క తావున పండుకోవచ్చునా మేడమ్ అని అడిగింది. లేదు, ఆడోళ్లకు వేరే హాలు అన్నాను. తెల్లారితే బయటికి పోవాల్నా అనింది. అవునన్నాను. పొయ్యి పెట్టుకోనిస్తారా అనింది. లేదన్నాను. అట్లైతే అది బస్టాండు కదా మేడమ్, ఫ్యాన్లుండే బస్టాండు అనింది. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను.

రిపోర్టులో ‘వారు సుముఖంగా లేరు’ అని రాసినాను.

ఏప్రిల్ 14

సెలవు. ఎండ. రోజంతా పండుకున్నాను.

ఏప్రిల్ 17

సోమవారం జిల్లా నుంచి పెద్దాఫీసరు వస్తాండారు. టెంట్లో మనుషులుంటే దిగి మాట్లాడతారు. లేకపోతే సమస్య లేనట్టే. ఈ మాట నేనే రూత్‌కు చెప్పినాను. చెప్పకూడదేమో. ఆమె నా చేయి పట్టుకుని, సోమవారం దాకా యాడికీ కదలము మేడమ్ అనింది. రేపు గుడ్ ఫ్రైడే. తనూ వాళ్లోళ్లూ చర్చికి పోవాల. తిప్పమ్మ వాళ్లు కూర్చుంటారంట. ముసలామెను మధ్యాహ్నం రోంత సూడండి మేడమ్, ఎండకు తట్టుకోలేదు అనింది.

సరేనన్నాను.

ఏప్రిల్ 18, శుక్రవారం. సాయంత్రం

తొందరగా రాసేస్తాను.

మధ్యాహ్నం షెల్టర్ నుంచి ఇంటికి పోతా టెంట్ దగ్గర ఆగినాను. తిప్పమ్మ గుంజకు ఆనుకుని కండ్లు తేలేసింది. స్కూటీ ఎట్ల నిలిపినానో తెలీదు. బ్యాగులో నిమ్మకాయ నీళ్ల సీసా ఉంది. ఎండాకాలం రోజూ తెచ్చుకుంటాను, ఉప్పూ చక్కెరా వేసి. గ్లాసులో పోసి నోటికి పట్టినాను. మొత్తం తాగేసింది. తియ్యగుండాయి మేడమ్ అనింది.

తల ఎత్తితే ఎదురుగా మా శానిటరీ ఇన్‌స్పెక్టర్ సుధాకర్, ఫోన్ పట్టుకుని. క్లిక్‌మనింది.

మెడలో దండ, నోటి దగ్గర గ్లాసు, గ్లాసు పట్టుకున్నది ఆఫీసు మనిషి. మా దిక్కు దీక్షలన్నీ అట్లనే ముగుస్తాయి. ఆఫీసరు వస్తాడు, హామీ ఇస్తాడు, నిమ్మరసం తాగిస్తాడు, ఫోటో. ఇన్నేండ్లలో ఎన్ని చూసినాను.

ఇది విరమణ కాదు, ఆమెకు కండ్లు తిరిగినాయి అని చెప్పినాను. చెప్పినానా? చెప్పినాననే అనుకుంటాను. అప్పటికే, హామీ వచ్చిందంట, మేడమే తెచ్చిందంట అని ఆడోళ్లు లేస్తాండారు. ఎవరో బొరుగులు పంచినారు. జాగా యాడ ఇస్తారంట, ఎమ్మిగనూరు రోడ్డులోనా, ఆదోని రోడ్డులోనా అని ఒకరినొకరు అడుగుతాండారు. దీక్ష అయిపోయిందని విని టెంట్ హౌస్ అతను షామియానా విప్పుకుని పోయినాడు. ఎవరూ ఎవరినీ తోయలేదు.

టెంట్లో కుండ ఉండింది. నేను పోసిన గ్లాసు ఆ కుండ మీదదే. కుండలో నీళ్లు ఎందుకు ముంచలేదు? ఉప్పూ చక్కెరా పడితే తేరుకుంటుందనా? లేక లోపల ఎక్కడో తెలిసేనా? తెలిసి చేసుంటే ఏదో ఒకటి అనిపించాల కదా. ఏమీ అనిపించడం లేదు.

ఏప్రిల్ 19

పేపర్లో వచ్చింది. అధికారుల హామీతో దీక్ష విరమణ. ఫోటోలో నేను దయగా ఉన్నాను.

కమిషనర్ సార్ ఫోన్ చేసి, గుడ్ వర్క్ అమ్మా అన్నాడు. మనమేం హామీ ఇచ్చినాము సార్ అని అడిగినాను. షెల్టర్ ఉంది కదా అన్నాడు.

సాయంత్రం రూత్ వచ్చింది. అరవలేదు. విషం తాగిపిచ్చింటే అన్నా పేపరోళ్లు మా తట్టు రాసుందురు మేడమ్ అనింది. మళ్లీ టెంట్ వేద్దామంటే మనుషులు లేరంట. హామీ లేదు ఏమీ లేదు అని తెలిసినాక సగం మంది గుంటూరు దిక్కు మిరపకాయల పనికి రైలెక్కినారంట. చెప్పులేసుకుంటా అనింది, సూడమన్నాను, తాగిపియ్యమన్నానా అని.

ఏప్రిల్ 21, సోమవారం

పెద్దాఫీసరు కారు టెంట్ ఉండిన ఖాళీ జాగా పక్కనుంచి లోపలికొచ్చింది. గుంజలు తీసిన గుంతలు కూడా పూడిపోయినాయి. మీటింగ్‌లో, గుడిసెల వాళ్ల విషయం ఏమైంది అని అడిగినారు. సెటిల్ అయింది సార్, మా మేడమే సెటిల్ చేసింది అన్నాడు కమిషనర్ సార్. అందరూ నా వైపు చూసినారు. లేచి నిలబడినాను. మాట నోటి దాకా వచ్చింది. అప్పుడే టీ తెచ్చినారు. కూర్చున్నాను.

ఏప్రిల్ 24

తిప్పమ్మ ఒక్కతే వచ్చి మా ఆఫీసు గోడ నీడలో కూర్చుంది. మెడలో ఎండిపోయిన ఆ దండే. పక్కన కుండ. నన్ను చూసి నీళ్లడిగింది. ముంచి ఇచ్చినాను. ముందు నువ్వు తాగు మేడమ్ అనింది.

తాగినాను. ఉత్త నీళ్లే.

అప్పుడు గ్లాసు తీసుకుంది.