‘అకారణంగా కొరికినది’ అన్న మాట గురించి

బాలల సంక్షేమ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా మనవరాలు తమరి ఎడమ మణికట్టును కొరికిన సంగతిలో ‘అకారణంగా’ అను పదమును కొట్టివేయుట, శని ఆదివారముల రాకపోకలను పునరుద్ధరించుట గురించి.

కళ్ళజోళ్ళ దుకాణదారుడను, సదరు బాలిక తండ్రికి తండ్రిని అయిన నేను మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు బాలిక (వయసు రెండేళ్ళ నాలుగు నెలలు, పళ్ళు పదహారు, ఇంట్లో పిలుపు బుడిగి) తల్లిదండ్రులు విడిపోయిన నాటి నుంచి, అనగా ఏడు నెలలుగా, వారంలో ఐదు రోజులు తల్లి దగ్గర, రెండు రోజులు మా ఇంట్లో తండ్రి దగ్గర ఉంటున్నది. గత శనివారం తమరి కార్యాలయంలో తల్లి చేతిలో నుంచి తండ్రి చేతిలోకి మారు సమయమున తమరిని కొరికినది. ఇందులో వివాదము లేదు. గుర్తులు నేనూ చూశాను. పైన నాలుగు, కింద నాలుగు.

2. తదుపరి తమరు, ‘బాలిక అకారణంగా కొరికినది. ఈ దూకుడు ఏ ఇంటి పెంపకమో తేలేవరకు తండ్రి ఇంటికి పంపుట నిలిపివేయడమైనది’ అని ఉత్తర్వు ఇచ్చారు. అది చదివి మా కోడలు, “మా ఇంట్లో కుక్క కూడా లేదు, ఎవర్ని చూసి నేర్చుకుంటుంది?” అన్నది. మా అబ్బాయి, “కుక్కెందుకు, మీ అమ్మ ఉందిగా” అన్నాడు. దాంతో కుదరబోతున్న రాజీ కాస్తా అటకెక్కింది. మధ్యలో నా పరిస్థితి, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

3. కారణము గూర్చి. ఆ రోజు తమరు బాలికను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చేతికి బిస్కెట్టు ఇచ్చి, “నీకు అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా? నిజం చెప్పాలి మరి” అని ముద్దుగా అడిగారు. చేతిలో బిస్కెట్టు ఉండగా మణికట్టును ఎంచుకొనుట గమనార్హము. ఇంతకుముందు పక్కింటావిడ, పాలు పోసే అతను, అటు అమ్మమ్మ, ఇటు నాయనమ్మ, మా లాయరు కరవబడి ఉన్నారు. అందరూ అదే ప్రశ్న అడిగినవారే. అడగనివారిని కొరికిన దాఖలా లేదు.

4. మా లాయరు చేతికి కట్టు కట్టుకునే, “కొరకడం తల్లి దగ్గరే నేర్చిందని రాసేద్దాం బాబాయిగారూ. మీరు సంతకం పెట్టండి చాలు, పిల్ల మొత్తానికి మీ ఇంటికే వచ్చేస్తుంది” అన్నాడు. మూత తీసి పెన్ను కూడా చేతికిచ్చాడు. అయ్యా, అబద్ధం ఎందుకు, ఆశపడ్డాను. పెన్ను పట్టుకున్నాను. కానీ పెన్ను పట్టే వేలి మీదే మచ్చ ఉంది.

5. సదరు మచ్చ వివరము: మా అబ్బాయి రెండు సూట్‌కేసులతో మా ఇంటికి వచ్చేశాక అది మొదటి శనివారం. కోడలు పిల్లను దుకాణం గుమ్మంలో దింపి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. అబ్బాయి ఇంకా మేడ దిగలేదు. పిల్ల ఏడుపు మాన్పించడానికి ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, కళ్ళు పరీక్షించే ఫ్రేము ముక్కుకు తగిలించి, “అమ్మ ఇష్టమా, నాన్న ఇష్టమా?” అని అడిగాను. అది గుమ్మం వైపు చూసింది. మెట్ల వైపు చూసింది. రెండు చోట్లా ఎవరూ లేరు. నా వేలు పట్టుకుని కొరికింది. నేను దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని, ఇంట్లో అడిగితే వేలు సొరుగులో నలిగిందని చెప్పాను.

కావున తొలి ముద్దాయిని నేనే. ఇది మా ఇంటి పెంపకమే, కోడలిది కాదు. ఇలా రాస్తే పిల్ల మా గడప తొక్కకుండా పోవచ్చునని తెలుసు. తెలిసే రాస్తున్నాను.

6. పిల్లల బడి ఆయాను మాత్రం బుడిగి ఇంతవరకు ముట్టలేదు. ఆవిడ శుక్రవారం పొద్దున్నే, “రేపు నాన్న దగ్గరికి వెళ్తావు, ఎల్లుండి దాటాక మళ్ళీ అమ్మ దగ్గరికి వస్తావు” అని చెప్పి ఉంచుతుందట. పళ్ళు నూరితే తడిగుడ్డ చేతికిచ్చి, “కోపమొస్తే దీన్ని కొరుకు, మనుషుల్ని కాదు” అంటుందట. ఆవిడ జీతం ఎంతో గానీ, మనందరి బుద్ధీ ఆవిడ ఒక్కతే వాడుతోంది.

7. నా వృత్తిలో ఒక నియమము కలదు. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకొకటి పెట్టి “ఇది బాగుందా, అది బాగుందా?” అని అడుగుతాం. మనిషి “రెండూ ఒకేలా ఉన్నాయి” అన్నాడంటే నెంబరు కుదిరినట్టే. ఆ పైన అడగకూడదు. అడిగితే లేని తేడా చెబుతాడు, లేదా తిడతాడు. బుడిగికి ‘రెండూ ఒకటే’ అనే మాట ఇంకా రాలేదు. పళ్ళు వచ్చాయి.

కనుక ‘అకారణంగా’ అనుచోట ‘అడిగిన ప్రశ్నకు సమాధానముగా’ అని దిద్దవలెనని, తమరి గదిలో ఆ ప్రశ్న నిషేధిస్తూ ఒక బోర్డు తగిలించవలెనని కోరుతున్నాను. ఎవరినో ఒకరిని నిలుపుదల చేయక తప్పదంటే శని ఆదివారాలు నన్నే ఇంట్లో నుంచి నిలుపుదల చేయండి. దుకాణంలో బల్ల మీద పడుకుంటాను. పిల్లను మాత్రం వాళ్ళ నాన్న దగ్గరికి రానివ్వండి.

పై సంగతులు చిత్తగించవలెను. చిత్తగించునపుడు మణికట్టు వైపు చూడవద్దని ప్రార్థన.

తమ విధేయుడు,
తమరికన్నా ముందు కరవబడిన తాత

తా.క.: ఇది కవరులో పెట్టబోతుండగా కోడలు పిల్లను చంకనేసుకుని దుకాణానికి వచ్చింది. దుకాణానికి రాకూడదని ఉత్తర్వులో లేదు, చూసుకోండి. “కాడ ఊగుతోంది మామయ్యా” అని కళ్ళజోడు తీసి ఇచ్చింది. చూస్తే మర బిగించే ఉంది. “అరగంట పడుతుందమ్మా” అన్నాను. ఈలోగా బుడిగి స్టూలెక్కి, పరీక్ష ఫ్రేము నా ముక్కుకు తగిలించి, నా వేలు పట్టుకుని, “తాతా, అమ్మ ఇట్టమా, నాన్న ఇట్టమా?” అని గద్దించింది. ఎదురుగా కోడలు. పైన మేడ మీద కొడుకు. అయ్యా, నాకే ఎవరినైనా కొరకాలనిపించింది. “రెండూ ఒకటే తల్లీ” అన్నాను. అది కాసేపు ఆలోచించి, వేలు వాసన చూసి, వదిలేసింది. బిగిసి ఉన్న మరనే మళ్ళీ బిగిస్తూ కూర్చున్నాను. కోడలు గోడ వైపు తిరిగి అక్షరాల బోర్డు చదువుతున్నట్టు నిలబడి, “ఇంకో అరగంట పట్టినా పర్లేదు మామయ్యా” అంది.