నీ గొంతు నా వేలి కింద

నా ఇంటి గాయనికి,

నోరు విప్పకుండా చదువుకోవలసిందిగా నీ భర్త రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, అమ్మా, పిల్లదీ కులాసా. అక్కడ నువ్వూ, మీ అక్కయ్యా, కోసి బాగుచేసిన నీ గొంతూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరాలెందుకు, ఫోన్ చేయొచ్చుగా అందట మీ అక్కయ్య. చేస్తే నువ్వు ఊఁ కొట్టకుండా ఉంటావా? గొంతులో గడ్డలు తీసిన డాక్టరు గుసగుస కూడా పనికిరాదన్నాడు. పెళ్ళయ్యాక నా మాట నువ్వు మధ్యలో అడ్డు రాకుండా వినడం ఇదే మొదలు. ఆ ముచ్చట కూడా తీర్చుకోనీ.

పిల్లదాని జ్వరం తగ్గింది, బడికి వెళ్తోంది. జడలు నేనే వేస్తున్నాను. ఒకటి తూర్పుకీ ఒకటి పడమరకీ చూస్తున్నాయని పంతులమ్మ నవ్విందట. అమ్మ వేస్తానంటే ఒప్పుకోదు, నాన్నే వేయాలని మొండికేస్తుంది. ఎవరి పోలికో నేను చెప్పను. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎప్పటిలాగే ఉంది, మందు మాత్రం వేసుకోదు.

"స్టూడియో కంప్యూటర్లో వాడే పెద్ద ప్రోగ్రాం లేకుండా స్టేజీ మీద ఎలా నెట్టుకొస్తున్నారు? కంప్యూటరే వాయిస్తుంటే మీరు చేసేదేముంది?" అని అడిగావు. ఇంత కాలం పక్కన నిలబడి పాడినదానివి, నువ్వే ఇలా అడిగితే ఎలా? ఆ పెద్ద ప్రోగ్రాం ఉన్నది పాటలు రికార్డు చేసి, కోసి, అతికించుకోవడానికి. స్టేజీ మీద నాకు దాంతో ఏం పని? నాది చిన్న ప్రోగ్రాం. పియానో, వయొలిన్లు, వేణువు అన్నీ కడుపులో పెట్టుకుని నా వేళ్ళ కోసం కాచుకుని కూర్చోవడమే దాని ఉద్యోగం. కీబోర్డు మీద మెట్టు నొక్కితే మోగుతుంది, వదిలితే ఆగుతుంది. కాలి కింద మీట తొక్కితే వయొలిన్లు పోయి వేణువు వస్తుంది. మొన్న కంగారులో మీట రెండుసార్లు తొక్కేసి, ఏడుపు పాటలో వేణువు రావాల్సిన చోట బాకా ఊదాను. హాలంతా ఘొల్లుమంది. తల కొట్టేసినట్టయిన మాట నిజమే గానీ అది నా కాలు చేసిన తప్పు. అక్కడ వాయిస్తున్నది నేనేనని దాన్నిబట్టే తెలుస్తుంది.

మన ఆర్కెస్ట్రా లీడరుకి అదే గిట్టదు. తప్పు అన్నదే వినపడకూడదంటాడు. నువ్వు వెళ్ళాక పాటలన్నీ ముందే పెద్ద ప్రోగ్రాంలో తయారు చేసుకురావడం మొదలుపెట్టాడు. స్టేజీ మీద వాటిని మోగించి, మమ్మల్ని వాయిస్తున్నట్టు నటించమన్నాడు. డ్రమ్ముల మీద గుడ్డలు పరిచారు. శాక్సోఫోన్ పెద్దాయన బుగ్గలు పూరిస్తాడు, గాలి మాత్రం వదలడు. అంత వయసు మనిషి అలా ఒట్టి బుగ్గలు ఊదుతుంటే చూడలేక నేను తల తిప్పుకుంటున్నాను. రోతగా ఉందే. కిందికి దిగాక లీడరు మా అందరికీ చేయి కలిపి "అదరగొట్టారు" అంటాడు. వెంటనే జేబులోంచి తడి కాగితం తీసి ఆ చేయి తుడుచుకుంటాడు. మేం అదరగొట్టిందేమిటో ఆ కాగితానికే తెలియాలి.

ఇంక నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్న మాట. "నా బదులు ఎవరు పాడుతున్నారు? బాగా పాడుతోందా? నేనొచ్చాక నాకు చోటుంటుందా?" ఇన్నాళ్ళూ నేను పిల్లదాని జడలూ అమ్మ మోకాళ్ళూ రాసి తప్పించుకున్నాను. ఇవాళ తప్పించుకోను.

నీ బదులు ఎవరూ పాడటం లేదు. నువ్వే పాడుతున్నావు.

తప్పులు దిద్దుకోవడానికని రిహార్సల్సన్నీ లీడరు రికార్డు చేసేవాడు, గుర్తుందా? వాటిలోంచి నీ గొంతు ఒక్కటీ విడదీశాడు. స్టేజీ మీద చీర కట్టుకుని నోరు కదపడానికి ఒక అమ్మాయిని పెట్టాడు. మొదట పెద్ద ప్రోగ్రాంలోనే నడిపించాడు. ఒకరోజు చరణం మధ్యలో అది కొయ్యబారిపోతే ఆ పిల్ల తెరిచిన నోరు తెరిచినట్టే నిలబడిపోయింది. దాంతో నా దగ్గరికొచ్చాడు. "నీ చిన్న ప్రోగ్రామే నయం, ఎప్పుడూ ఆగదు. మిగతావాళ్ళు నటిస్తారు, పాటంతా నువ్వే వాయించు. ఈ గొంతు కూడా అందులో ఒక వాయిద్యంలా పెట్టెయ్" అన్నాడు. పెట్టాను. కీబోర్డు కుడి చివర ఒక్కో మెట్టుకి నీ పాటలో ఒక్కో లైను. నేను నొక్కితే నువ్వు పాడతావు, వదిలితే ఆగిపోతావు.

ఎందుకు ఒప్పుకున్నానంటావా? నీ చోటులోకి ఇంకొకరు రాకుండా నీ గొంతే కాపలా ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నువ్వు వచ్చేదాకానే అన్నాడు, నమ్మాను.

ఇంకా ఉంది. ఒక సాయంత్రం ఆ పిల్ల మంచినీళ్ళు తాగుతుండగా స్పీకర్లలో నీ ఊపిరి వినపడింది. పాట ఎత్తుకునే ముందు నువ్వు పీల్చే ఊపిరి. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. "ఆ గాలి కోసెయ్" అన్నాడు లీడరు. కోశాను. మన మంచం మీద కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, పాట పాటకీ వెతికి మరీ నీ ఊపిరి కోశాను. ఇన్నేళ్ళూ ఆ ఊపిరి చూసుకునే కదా నేను మొదటి మెట్టు మీద వేలు వేసేది. పనయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాను. అయినా అన్నం సహించలేదు. లీడరు మీద అసహ్యం ఎంత ఉందో నా మీద అంతకు పదింతలుంది.

పోయిన వారం డాక్టరు నీకు చెప్పిన సంగతి లీడరుకి చెప్పాను, గొంతు వస్తుంది గానీ కాస్త కిందికి దిగుతుందట అని. తడి కాగితంతో వేళ్ళు తుడుచుకుంటూ, "మరి ఆవిడ రావడం దేనికి? పాత గొంతు మన దగ్గరుందిగా. హాయిగా విశ్రాంతి తీసుకోమను" అన్నాడు.

"ఆవిణ్ణి అడగొద్దా అండీ?" అన్నాను.

"ఆవిడేమైనా కాదందా?" అన్నాడు.

నోరు మెదపకూడదని కట్టడి చేసిన మనిషి కాదని ఎలా అంటుందిరా, వెధవా, అని నాలుక చివరిదాకా వచ్చింది.  తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చాను.

నిన్న ఒక సిమెంటు కంపెనీ వార్షికోత్సవం. నీ పాట వంతు వచ్చింది. మెట్టు మీద వేలు పెట్టాను గానీ నొక్కడానికి చేయి రాలేదు. ఆ పిల్ల నా వైపు చూసింది, నేను చేయి వెనక్కి తీసుకున్నాను. "నువ్వే పాడమ్మా" అన్నాను. మైకు రెండు చేతులా పట్టుకుంది. పాట ఎత్తుకుంది. సన్నటి గొంతు, వణుకు, శ్రుతి ఎక్కడో పైన. వాయిద్యాలన్నిటి శ్రుతినీ ఆ పిల్ల ఉన్నచోటికి జరిపి వెంట నడిచాను. గొప్పగా ఏం లేదు. హాలులో సగం మంది ప్లేట్ల దగ్గర తింటున్నారు, తేడా తెలిసినట్టే లేదు. అది చూసి కూడా నాకు వెగటు పుట్టింది.

తెర వెనక లీడరు రేపటినుంచి రావద్దన్నాడు. ఈసారి చేయి కలపలేదు. ఆ పిల్ల మాత్రం దగ్గరికొచ్చి, "అక్క గొంతుకి నోరు కదిపీ కదిపీ నాకూ ఒక గొంతుందన్న సంగతే మర్చిపోయానన్నా" అని ఏడ్చింది. దాన్ని తిట్టుకోకు, పాపం.

నా దగ్గరున్న నీ గొంతు ముక్కలన్నీ చెరిపేశాను. లీడరు దగ్గర ఇంకా ఉన్నాయి, వాడుతూనే ఉంటాడు. వాడడానికి వీల్లేదని నీ చేత్తో రాసి అతనికి పంపు. ఆ మాట నీ నుంచే వెళ్ళాలి.

చోటుంటుందా అని అడిగావు. అక్కడ లేదు, నాకూ లేదు. నా కీబోర్డూ, చిన్న ప్రోగ్రామూ ఉన్నాయి. నీ గొంతు ఎంత కిందికి దిగితే అంత కిందికి వాయిద్యాలన్నీ దించుతాను. కానీ నేను చేసిన పని తెలిశాక నా పక్కన నిలబడి పాడతావో లేదో, అది నీ ఇష్టం. జవాబు మాత్రం రాయకు. డాక్టరు మాట్లాడొచ్చన్న రోజున నా మొహం మీదే చెప్పు. కాదన్నా సరే, ఛీ అన్నా సరే. అది నీ నోట్లోంచి రావాలి, నేను ఏదీ నొక్కకుండా.

ఇట్లు,
నీ భర్త