వాచీకి వేసిన ముడి

అమ్మాయీ,

ఈత, సైకిలు, పరుగు పోటీకి ముందురోజు నీ సైకిల్ హ్యాండిల్‌కు వాచీ బిగించింది షాపు మెకానిక్ కాదు, నేనే. రబ్బరు పట్టీ వదులుగా అనిపించి, గతుకుల్లో ఎగిరిపోతుందేమోనని పైన వైరు చుట్టి ముడివేశాను. సైకిల్ దిగాక దాన్ని చేతికి పెట్టుకుని పరుగెత్తుతావని నాకు తెలియదు. నిన్ను అడగనూ లేదు.

"ఏ మహానుభావుడు వేశాడీ ముడి!" అని నువ్వు గోళ్లతో పీకుతుంటే నేను కంచె పక్కనే ఉన్నాను. వెనకవాళ్లంతా నిన్ను దాటిపోతుంటే ఎవరిదో గొడుగు చాటుకు జరిగాను. తర్వాత నువ్వు మెకానిక్‌ను తిడుతున్నప్పుడూ నోరు మెదపలేదు. "నేను కాదక్కా" అని అతను పాపం చెబుతూనే ఉన్నాడు.

ఆదివారం షాపుకు వెళ్లి అతనికి నిజం చెబుతాను. నువ్వూ రా తల్లీ. నన్ను తిట్టేదేదో అతని ముందే తిట్టు.

ఎదుటపడి చెప్పలేక రాస్తున్న
మావయ్య