రెండు సంతకాల ఇల్లు

రేక్యవిక్,
ఫిబ్రవరి 11, 2024

ముద్దుల ఆడపడుచు ఆల్దీస్‌కి,

మీ వదిన స్టెయిన్‌వోర్ గంపెడు ప్రేమతో, అంతకు మించిన కోపంతో రాస్తున్నది. ఫోన్లో అయితే రెండో మాటకే ఇద్దరం అరుచుకుంటున్నాం. అందుకే కాగితం పట్టుకున్నాను. ఇక్కడైతే నువ్వు నా మాటకు అడ్డు రాలేవు.

మొన్న గురువారం మన ఊరి దగ్గర మళ్ళీ నేల చీలింది. ఈసారి లావా ఇళ్ళను వెచ్చబెట్టే వేడినీళ్ళ గొట్టం మీదుగా పారి, ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ చలికి బిగుసుకుపోయాయి. టీవీలో చూసే ఉంటావు. అకురేరిలో మీ అమ్మాయి బ్రిన్యా ఇంట్లో వెచ్చగా కూర్చుని "మన ఇంటికేం కాలేదు కదా" అని ఊపిరి పీల్చుకునే ఉంటావు. ఏం కాలేదు. జనవరిలో మన ఊళ్ళో మూడిళ్ళు కాలిపోయినప్పుడూ మన ఇంటికేం కాలేదు. నిజం చెప్పనా, ఆ రోజు మనది కూడా కాలిపోతే బాగుండునని అనుకున్నాను. ఇల్లు పోయినవాళ్ళకు కనీసం పోయిందని తెలుసు. మనది నిక్షేపంగా నిలబడి ఉంది, మనం మాత్రం అందులో ఉండకూడదు.

మీ అన్నయ్య హాఫ్లిది సంగతి నీకు సగమే చెప్పాను. ఊరు ఖాళీ చేసి వచ్చాక మాకిది మూడో అద్దెకొంప. నాలుగో అంతస్తు. ఊళ్ళో ఉన్నప్పుడు హాఫ్లిది మతిమరుపు పెద్దగా బయటపడేది కాదు. బుర్ర మరిచిపోయినా కాళ్ళకు దారి తెలుసు, రేవుకు వెళ్ళినా చేపల కొట్టుకు వెళ్ళినా అవే ఇంటికి తెచ్చేవి. ఇక్కడ ఆ కాళ్ళకు ఏ దారీ తెలియదు. పొద్దున్నే లేచి గోడ తడతాడు. మీ అన్నాచెల్లెళ్ళు కలిసి కట్టుకున్న ఆ జంట ఇంట్లో నడిమి గోడ మీద మూడుసార్లు తడితే కాఫీ అయిందని కదా. ఇక్కడా అలాగే తట్టి, చెవి ఆనించి నిలబడతాడు. గోడకు అటుపక్క ఉన్న అమ్మాయి మొన్న వచ్చి, "పిన్నిగారూ, ఏమనుకోకండి, ఆ చప్పుడుకి మా పాప లేచి కూర్చుంటోంది. బాబాయిగారికి మా గోడతో ఏం తగువండీ?" అంది. నవ్వుతూనే అంది పాపం. నాకే నవ్వు రాలేదు.

అసలు సంగతికి వస్తాను. ప్రభుత్వం మన ఊరి ఇళ్ళు కొంటానంటోంది. ఆ డబ్బుతో ఇక్కడే, నేల మీద, మతిమరుపు వాళ్ళను పగటిపూట చూసుకునే చోటికి దగ్గరగా ఒక చిన్న ఇల్లు వస్తుంది. వాకిట్లోకి నడిచి వెళ్ళొచ్చు, పడతాడన్న భయం ఉండదు. కానీ మన ఇల్లు మీ ఇద్దరి పేరా ఉంది. ఆయన తరఫున సంతకం నేను పెట్టొచ్చునట. నీ సంతకం మాత్రం నువ్వే పెట్టాలి. ఇంత అడగడానికి నాకు మూడు నెలలు పట్టింది ఆల్దీస్. పెట్టు.

నీ వదిన,
స్టెయిన్‌వోర్


రేక్యవిక్,
జూన్ 3, 2024

ఆల్దీస్,

ఇంకా నా మీద కోపం తగ్గలేదని బ్రిన్యా చెప్పింది. అమ్మకూ అత్తకూ మధ్య నిలబడి ఆ పిల్ల నలిగిపోతోంది. నా ఉత్తరం అందిన రోజు నువ్వు ఫోన్లో అన్న మాటలు నాకు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. "నేను బతికుండగా ఆ సంతకం పడదు వదినా. అన్నయ్యకు గుర్తున్నది ఆ ఇల్లొక్కటే. అదీ అమ్మేస్తే ఆయన ఎక్కడికి తిరిగొస్తాడు? నీకు నాలుగంతస్తులు ఎక్కడం కష్టంగా ఉంది, అదీ సంగతి." అవును, కష్టంగానే ఉంది. నాకు అరవై ఒకటి, ఆయన బరువు నాకు రెట్టింపు. దాన్ని నువ్వు బద్ధకం అన్నట్టు అన్నావు. ఆ మాటకు నేను ఏడ్చాను, నీకు తెలియాలని రాస్తున్నాను.

ఎన్నికలకు మూడు రోజుల ముందు మళ్ళీ నేల పేలింది కదా. దేశమంతా ఒక కంట అధ్యక్ష పదవికి పోటీ చేసేవాళ్ళ వాదులాట, ఒక కంట ఆ మంట చూసింది. శనివారం మీ అన్నయ్యకు సూటు తొడిగి వోటుకు తీసుకెళ్ళాను. మన ఊరివాళ్ళకు ఇక్కడే ఒక మూల ఏర్పాటు చేశారు. ఆయన గుమ్మంలో ఆగిపోయి, "ఇది మన బడి కాదే" అన్నాడు. ఊళ్ళో ఎప్పుడూ బళ్ళోనే వోటు వేశాం కదా. అక్కడున్న మన ఊరివాళ్ళంతా తల దించుకున్నారు. చేపల శుద్ధి ఫ్యాక్టరీలో నా పక్కన పనిచేసిన గిగ్యా మాత్రం వచ్చి ఆయన టై సర్ది, "బడికి రంగులేస్తున్నారు హాఫ్లిదీ, ఈసారికి ఇక్కడే" అంది. "అట్లా చెప్పండి మరి" అని లోపలికి నడిచాడు.

ఇంకో సంగతి. ఏప్రిల్లో అనుమతి తీసుకుని ఇంటికి వెళ్ళి వచ్చాను. నీకు చెప్పకూడదనే అనుకున్నాను. వంటగది నేల తోటవైపు ఒరిగింది, బల్ల మీద పెట్టిన టార్చిలైటు దొర్లి కింద పడింది. మన నడిమి గోడ పైనుంచి కిందికి చీలింది. నా పొయ్యి దగ్గర నిలబడితే నీ కిటికీకున్న పసుపు తెర కనబడుతోంది. నువ్వు కాపాడుతున్న ఇల్లు అది. అక్కడికి ఆయన్ని తీసుకెళ్ళి ఏం చూపించమంటావు చెప్పు?

జవాబు రాయి. తిట్టయినా రాయి.

స్టెయిన్‌వోర్


రేక్యవిక్,
నవంబర్ 24, 2024

ప్రియమైన ఆల్దీస్‌కి,

తిట్లు కూడా రాలేదు. సరే. అక్టోబర్లో ప్రభుత్వం పడిపోయి, మంచు కురిసే నెలలో మనకు ఎన్నికలొచ్చాయి, వచ్చే శనివారమే. మొన్న బుధవారం మళ్ళీ నేల చీలింది. ఈ ఏడాది దేశానికి అధ్యక్ష పదవీ ప్రభుత్వమూ రెండూ చేతులు మారుతున్నాయి, మన ఊరికి మాత్రం ఏదీ మారడం లేదు.

ఈసారి మా పార్టీ వాళ్ళు మన ఊరివాళ్ళ కోసం వోట్ల రోజున ఇక్కడే ఒక హాల్లో ఎన్నికల కాఫీ, రొట్టెలు పెడుతున్నారు. పెనం మీద ఆ పలచని రొట్టెలు పోసే పని ఎప్పటిలాగే నాదే. మీ పార్టీ వాళ్ళ కాఫీ రెండు వీధుల అవతల. ఎవరి కాఫీ ఎవరైనా తాగొచ్చని ఐస్‌లాండ్ అంతా ఒప్పుకుంది గానీ నువ్వు ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళు నేను మీ బల్ల దగ్గర కూర్చుని మీ కేకులు తిన్నాను, మీకు వోటు వెయ్యకపోయినా. నువ్వు మా బల్ల మీద చక్కెర పలుకు కూడా ముట్టలేదు. "వాళ్ళ రొట్టె తింటే వాళ్ళ అబద్ధాలు కూడా అరిగించుకోవాలి" అనేదానివి. హాఫ్లిది పగలబడి నవ్వేవాడు.

సంతకం ఇక అడగను. అలిసిపోయాను. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు, నీకు చెబుతున్నాను. ఆయనకు నేనెవరో తెలియడం లేదు. ఆగస్టు నుంచి అంతే. అన్నం పెడితే థాంక్స్ చెబుతాడు. ఒక సాయంత్రం నా చేయి తట్టి, "మీరు మంచివారు. పొద్దుపోయింది, మీ ఇంట్లోవాళ్ళు ఎదురుచూస్తుంటారు, వెళ్ళండి" అన్నాడు. స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. పెళ్ళయి ముప్పై ఎనిమిదేళ్ళు. నీ పేరు మాత్రం రోజూ తలుచుకుంటున్నాడు. ఆల్దీస్ వచ్చిందా, ఆల్దీస్ తిన్నదా అని. నాకు ఈర్ష్యగా ఉంది. ఇంతకంటే విడమరిచి చెప్పలేను. ఆ పేరైనా నిలిచి ఉండగానే ఒకసారి వచ్చి కనబడు. నాతో మాట్లాడకపోయినా ఫరవాలేదు.

నీ వదిన


అకురేరి,
డిసెంబర్ 5, 2024

వదినకు,

నేను వచ్చాను. నీకు తెలియదు. మంచు పెరగకముందే శుక్రవారం బ్రిన్యా కారులో బయలుదేరాం. శనివారం వోటు వేసి మీ హాలుకు వచ్చాను. నువ్వు లోపల వంటగదిలో రొట్టెలు పోస్తున్నావు, తలుపు సందులోంచి నీ వీపు కనబడింది. చిక్కిపోయావు. పలకరించడానికి మొహం చెల్లక, ముందు అన్నయ్య దగ్గరికి పోదామనుకున్నాను. నీకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. నీ ఉత్తరం చదివి నేను లోలోపల సంతోషించాను. పెళ్ళాన్ని మరిచినా నన్ను మరవలేదని. దేవుడు నన్ను క్షమించాలి.

అన్నయ్య కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చున్నాడు. పక్క కుర్చీ మీద తన కోటు పరిచి పెట్టుకున్నాడు. నేను వెళ్ళి ఆ కోటు తీసి కూర్చోబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమనుకోకండమ్మా, ఇక్కడ మనిషున్నారు," అన్నాడు. "మా చెల్లెలు వస్తుంది."

నా మొహంలోకి చూస్తూనే అన్నాడు వదినా. ఎదురుగా ఉన్న కుర్చీలో కూలబడ్డాను. "మీ చెల్లెలు ఎలా ఉంటుందండీ?" అని అడిగాను.

"కోపిష్టిది," అన్నాడు. ఎంత మురిపెంగా అన్నాడో. "అలిగితే ఆరు నెలలు మాట్లాడదు. కానీ వస్తుంది. దానికి దారి తెలుసు."

"ఇంటికి వెళతారా?" అని అడిగాను. ఇది అడగకుండా ఉండలేకపోయాను, నా పంతమంతా ఆ ఇంటి మీదే కదా. ఆయన హాలంతా కలియజూశాడు. "ఏ ఇంటికి? అందరూ ఇక్కడే ఉన్నారుగా," అన్నాడు. తన ప్లేటులోని రొట్టె సగం తుంచి నా వైపు జరిపి, "తినండి, చల్లారితే బాగుండదు. ఇక్కడ ఒకావిడ పోస్తుంది, చెయ్యి మంచిది," అన్నాడు. తిన్నాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి మీ పార్టీ రొట్టె తిన్నాను, ఏడుస్తూ తిన్నాను. ఆయన తన రుమాలు కూడా ఇచ్చాడు. ఆ కోటు మాత్రం కుర్చీ మీంచి తియ్యలేదు. నీకు మొహం చూపించలేక వెళ్ళిపోయాను. నన్ను క్షమించు.

నిన్న సంతకం పెట్టి పంపాను. ఆ నేల మీది ఇల్లు చూసుకో. క్రిస్మస్ కాగానే నేనూ అక్కడికే వచ్చేస్తాను, దగ్గర్లో ఒక గది చూసి పెట్టు. మధ్యాహ్నాలు ఆయన దగ్గర నేను కూర్చుంటాను, నువ్వు పడుకో. ఎవరని అడిగితే పక్కింటావిడని చెప్పు. నేనే ఆల్దీస్‌నని మాత్రం చెప్పకు వదినా. ఆమె వస్తుందని ఎదురుచూడటం ఒక్కటే ఆయనకు మిగిలింది.

నీ ఆడపడుచు,
ఆల్దీస్