కుట్టుకొక పేరు

కుంట, బస్తర్ స్టేట్
1938 మార్చి 3

కంపెనీ సర్క్యులర్ వచ్చింది. లండన్‌కీ, షాంఘైకీ, కుంటకీ ఒకటే మాట: కుట్టుమిషను అక్కర్లేని ఆడది లోకంలో లేదు. రాసినాయన ఒకసారి మా సంతకు రావాలి. ఇక్కడ సగంమంది కుట్టిన బట్టే వేసుకోరు, సుఖంగా ఉన్నారు. నెలాఖరుకు ఒక్క మిషనైనా అమ్మకపోతే, నేను మిషను కుట్టి చూపించే ఈ డెమాన్‌స్ట్రేషన్ గది మూసేస్తారట. కవరు మీద నా పేరు ఎప్పటిలాగే ‘మిస్టర్ భద్రమ్మ’.

ఈ వయసుల నౌకరేంది నాయనమ్మా, ఇంట్ల కూసోరాదా అంది మనవరాలు సారలమ్మ. ఇంట్లో కూర్చుంటే నన్ను మిస్టర్ అనేదెవరే అన్నాను. నవ్వింది. నేను నిజమే చెప్పాను.

మార్చి 9

కోయ పెద్ద లక్మా, జాతర దగ్గర పడిందని వాళ్ళ పడిగె తెచ్చాడు. ఇలవేల్పు జెండా అది. వంశం కథంతా ఆ గుడ్డ మీదే ఉంటుంది. అంచు చిరిగింది. జనం చూస్తున్నారు కదా అని మిషను మీద బర్రున లాగించేశాను.

లక్మా ముఖం వాడిపోయింది. గిట్ల జేస్తివేంది అవ్వా, కుట్టుకొక పోయిన పెద్దమనిషి పేరు పిలవాలె, నేనింకా మా తాతను గూడ పిలవకపోతిని, అయిపాయె! ఇగ వాళ్ళంత ఏడ కూసుంటరు అన్నాడు.

కుట్లన్నీ నేనే విప్పాను.

మార్చి 10

లక్మా గదిలోనే కూర్చుని చేత్తో కుడుతున్నాడు.

మార్చి 14, మధ్యాహ్నం

సూది దిగేటప్పుడు పేరు పిలుస్తాడు. పైకి తీసేముందు కాసేపు ఆగుతాడు, వచ్చారో లేదో చూస్తాడు కాబోలు. మధ్యలో పొగాకు. ఎండ నేల మీద మెల్లగా జరుగుతుంది. శబరి ఏటి వైపు నుంచి ఇప్పపూల వాసన. నాకు కునుకు పడుతుంది. కళ్ళు తెరిచినప్పుడల్లా గది ఇంకొంచెం ఇరుకైనట్టుంటుంది. ఇవాళ తలుపు దాకా ఒదిగి ఒదిగి, దారి చేసుకుంటూ నడిచాను. లక్మా తప్ప ఎవరూ లేరు.

కళ్ళజోడు మార్చాలి.

మార్చి 22

కలకత్తా నుంచి కంపెనీ ఇన్‌స్పెక్టర్ దొర వచ్చాడు. లక్మా ఏటికి స్నానానికి వెళ్ళాడు. సగం కుట్టిన పడిగె బల్ల మీద ఉంది. దాన్ని చూడగానే దొరకు ప్రాణం లేచొచ్చింది. మిగతా అంచు మిషను మీద కుట్టమన్నాడు. ఫోటో తీస్తాడట, కంపెనీ పత్రికలో వేస్తారట, అమ్మకం లేకపోయినా గది ఇంకో ఏడాది ఉంటుందట. గుడ్డ తనే తీసి సూది కింద పెట్టాడు. ఇక నేను తొక్కడమే తరువాయి.

కాలు పెట్టాను కూడా. ఇనుము చల్లగా తగిలింది.

తీసేశాను. గుడ్డ మీద మనుషులున్నారు, సగంమందే వచ్చారు, మిగతావాళ్ళు దారిలో ఉన్నారు అని చెప్పాను. మంచి ఇంగ్లీషులోనే చెప్పాను. దొర గదంతా చూశాడు. టోపీ చేత్తో పట్టుకుని, గోడవారగా నడుచుకుంటూ బయటికి వెళ్ళాడు.

ఏప్రిల్ 2

పడిగె జాతరకు వెళ్ళింది. గది మూసేశారు, మిషను ఎడ్లబండి మీద వెళ్ళింది.

పొద్దున్నుంచి అరుగు మీద కూర్చున్నాను. కాళ్ళు రెండూ వాటంతటవే తొక్కుతున్నాయి. ఆపలేదు.