మంచం కింద ఖర్జూరం బీరు

మనామా, 1995, శుక్రవారం రాత్రి

నా గదిలో ఉండే సత్తిబాబుకి, వాడు వంట చేసే ఇంటి ఇంగ్లీషు దొర దేశం వెళ్ళిపోతూ బీరు తయారుచేసుకునే సామాను ఇచ్చాడు. ఉత్తదైతే చప్పగా ఉంటుందని వీడు అందులో ఖర్జూరం, అల్లం, బెల్లం కూడా వేసి, సీసాలకెత్తి మంచం కింద దాచాడు. మాకు వీసా ఇచ్చిన కఫీల్‌కి తెలిస్తే ఇద్దరికీ ఖలాస్.

సాయంత్రం మా గదిలో ప్రార్థన కూటం. పాస్టరుగారు కళ్ళు మూసుకోగానే ఢామ్మని ఒక సీసా పేలింది.

"ఏంటయ్యా అది?"

"అల్లప్పచ్చడండీ అయ్యగారూ! వేడికి పొంగిపోయిందండీ," అన్నాడు సత్తిబాబు.

ఆయన కాళ్ళు కుర్చీ మీదికి లాక్కుని, "ప్రభువా, ఆ పచ్చడిని ఆమెన్ దాకా శాంతపరచుము," అని ప్రార్థించారు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నా చెవిలో, "బెల్లం ఎక్కువైంది తమ్ముడూ, అందుకే పేలింది," అన్నారు.

బెల్లం లెక్క ఆయనకెలా తెలుసో మరి!